పాత సామాను - కొత్త హక్కులు
(మన సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో ఎప్పుడూ కరువు భత్యం బకాయిల గురించీ, లైఫ్ సర్టిఫికెట్ల గురించీ, వైద్య ఖర్చుల బిల్లుల గురించీ మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శి గారు వేరే విషయం అప్పగించారు. ఫోనులో చూసి కొన్న పాత ఫర్నిచరు, అమ్మినవాళ్లు చెప్పినట్టుగా లేకపోతే డబ్బు ఎలా వెనక్కి రాబట్టుకోవాలో చెప్పమన్నారు. వినడానికి ఇది చిన్న విషయమే. కాని నెలకొకసారి వచ్చే పింఛనుతో ఇల్లు నడిపేవారికి పాతికవేలు పోవడం చిన్న విషయం కాదు.

పాత సామాను కొనడం మనకు కొత్తేమీ కాదు. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో బదిలీ మీద వెళ్లే అధికారి గారి బీరువానో, డైనింగ్ టేబులునో మనలో ఎందరో కొనుక్కున్నాం. అప్పుడు వస్తువు కళ్లెదుట ఉండేది. తట్టి చూసేవాళ్లం, సొరుగు లాగి చూసేవాళ్లం, బేరమాడేవాళ్లం. ఇప్పుడు వస్తువు ఎక్కడో హైదరాబాదు గోడౌన్లో ఉంటుంది. మన చేతిలో ఉండేది నాలుగు ఫోటోలు, పది మాటల వర్ణన. కనుక ఆ పది మాటలకే ఇప్పుడు విలువ ఎక్కువ.

నా అనుభవమే చెబుతాను. 2024లో మా శ్రీమతికి రెండు మోకీళ్లూ మార్చే ఆపరేషన్ అయింది. పల్లంగా ఉన్న మంచం మీద పడుకోరాదనీ, లేచేటప్పుడు మోకాలు మరీ వంగకూడదనీ డాక్టరు గారు గట్టిగా చెప్పారు. మా ఇంట్లోదేమో పాతకాలపు నవారు మంచం. కొత్త టేకు మంచం మా శక్తికి మించిన ధర పలికింది. మా మనవడు ఫోనులో వెదికి, పాత ఫర్నిచరు కొని బాగుచేసి అమ్మే ఒక సంస్థ ప్రకటన చూపించాడు. "గట్టి టేకు చెక్క, ఎత్తు 20 అంగుళాలు, ఐదేళ్లు వాడినది" అని అందులో ఉంది. ధర 24,000 రూపాయలు, రవాణా 1,800. ఆ ప్రకటననూ, ఎత్తు 20 అంగుళాలేనా అని మేము అడిగిన ప్రశ్ననూ, అవునని వారిచ్చిన జవాబునూ డబ్బు కట్టకముందే ఫోటో తీసి పెట్టమని మనవడికి చెప్పాను. ముప్పై మూడేళ్లు ఖజానా శాఖలో పనిచేసినవాడిని. కాగితం లేనిదే ఫైలు కదలదని నాకు తెలుసు.

మంచం వచ్చింది. పైకి నిగనిగలాడుతోంది. టేపు పెట్టి కొలిస్తే ఎత్తు 16 అంగుళాలు. మరమేకు బిగించిన చోట రంధ్రంలోంచి పొట్టు రాలుతోంది. వడ్రంగిని పిలిపించాం. అడుగుభాగం చూసి, ఇది టేకు కాదండీ, రంపపు పొట్టును జిగురుతో అదిమి చేసిన బోర్డు, పైన టేకు పొర అతికించారు అన్నాడు. పైన పటారం లోన లొటారం అంటే అదే. కావాలంటే దీనికే కోళ్లు అతికించి ఎత్తు పెంచుతానని కూడా అన్నాడు. నేను వద్దన్నాను. దానికి కారణం తర్వాత చెబుతాను. ప్రస్తుతానికి మా నవారు మంచం కోళ్ల కింద చెక్క దిమ్మలు పెట్టించి ఆమెకు సర్దుబాటు చేశాం. ఆమె దాని మీదనే, ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుంటే తప్ప లేవలేని స్థితిలో, దాదాపు నెల రోజులు గడపవలసి వచ్చింది. అందుకే ఆ డబ్బును నేను వదలదలచుకోలేదు.

అదే రోజు సంస్థకు ఫిర్యాదు పంపాం. "వాడిన వస్తువులు వాపసు తీసుకోబడవు" అని ఒక్క ముక్కలో జవాబు వచ్చింది. మనలో చాలామంది ఆగిపోయేది ఇక్కడే. పాత వస్తువు కొన్నాం కదా, ఇంక ఏం అడుగుతాం అనుకుంటారు. ఇందులో ఒక తేడా గమనించాలి. పాతదని తెలిసి కొన్నప్పుడు గీతలు, రంగు వెలియడం, వాడిన అరుగుదల మనం ఒప్పుకున్నవే. వాటి మీద ఫిర్యాదు నిలవదు. కాని చెక్క టేకు అవునా కాదా, ఎత్తు ఎంత అన్నవి పాతబడితే మారేవి కావు. పాతది అని చెప్పడం వేరు, లేనిది ఉందని చెప్పడం వేరు.

చట్టం ఏమంటున్నదో చూద్దాం. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 15వ సెక్షను ప్రకారం, వర్ణనను బట్టి వస్తువు అమ్మితే ఆ వస్తువు వర్ణనకు సరిపోవాలి. ఇది ఒప్పందంలో రాసుకోకపోయినా ఉన్నట్టే లెక్క. 42వ సెక్షను ప్రకారం, వస్తువును తిరస్కరిస్తున్నట్టు తెలియజేయకుండా సమంజసమైన కాలం దాటేదాకా ఉంచుకున్నా, దాన్ని మన సొంతమన్నట్టు మార్పులు చేసినా, మనం స్వీకరించినట్టే అవుతుంది. వడ్రంగిని కోళ్లు అతికించవద్దన్నది అందుకే. 43వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, తిరస్కరించిన వస్తువును మన ఖర్చుతో వెనక్కి మోసుకెళ్లి ఇవ్వనక్కరలేదు. తిరస్కరిస్తున్నామని తెలియజేస్తే చాలు.

ఇక 2019 వినియోగదారుల రక్షణ చట్టం. వస్తువు నాణ్యత, ప్రమాణం, తయారీ గురించి అబద్ధం చెప్పి అమ్మడం ఈ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న వస్తువును వాపసు తీసుకుని డబ్బు తిరిగివ్వడానికి, బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా, నిరాకరించినా అదే కోవలోకి వస్తుంది. ఈ చట్టం కింద 2020లో ఈ-కామర్స్ నియమాలు వచ్చాయి. ప్రకటనలో చెప్పిన లక్షణాలు వస్తువులో లేకపోతే అమ్మకందారు వాపసు తీసుకోననడానికి వీల్లేదని వాటిలో స్పష్టంగా ఉంది. అలాంటి ప్రతి సంస్థకూ ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఆయన 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి.

ఇవన్నీ దగ్గర పెట్టుకుని ఫిర్యాదుల అధికారి పేర ఉత్తరం రాశాను. పనికొస్తుందని దాని పాఠం ఇక్కడ ఇస్తున్నాను.

"అయ్యా, ఫలానా తేదీన, ఫలానా ఆర్డరు నెంబరు మీద మీ వద్ద ఒక మంచం కొన్నాను. గట్టి టేకు అనీ, 20 అంగుళాల ఎత్తు అనీ మీరు ప్రకటించారు. వచ్చిన మంచం అదిమిన బోర్డుతో చేసినది, ఎత్తు 16 అంగుళాలు. ఫోటోలు, వడ్రంగి రాసిచ్చిన కాగితం జతపరచాను. వస్తువు వర్ణనకు సరిపోనందున తిరస్కరిస్తున్నాను. దానిని వాడకుండా భద్రపరిచాను. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లోగా మీ ఖర్చుతో మంచం తీసుకుని వెళ్లి, ధర, రవాణా కలిపి 25,800 రూపాయలు నా ఖాతాకు జమచేయగోరుతున్నాను. లేనిచో జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించగలను."

అంతే. తిట్లు లేవు, శాపాలు లేవు. తేదీలు, అంకెలు, కోరిక, గడువు ఉన్నాయి. ఈమెయిలులో పంపి, స్పీడ్ పోస్టులో కూడా పంపాను. మనకు అలవాటైన రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు కనుక ఇప్పుడు స్పీడ్ పోస్టులోనే పంపి రసీదు దాచుకోవాలి.

రెండు రోజులు చూసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేశాను. తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు. వివరాలు రాసుకుని ఒక డాకెట్ నెంబరు ఇచ్చారు. అది న్యాయస్థానం కాదు, తీర్పు ఇవ్వదు. మన ఫిర్యాదును సంస్థకు పంపి జవాబు అడుగుతుంది. ఆ నెంబరు పడ్డాక సంస్థవారి గొంతు మారింది. మూడువేలు తగ్గిస్తాం, మంచం ఉంచుకోండి అన్నారు. కాదన్నాను. మా దగ్గరే మరో వస్తువు కొనుక్కునేందుకు కూపను ఇస్తాం అన్నారు. కాదన్నాను. ధర ఇస్తాం, రవాణా ఇవ్వం అన్నారు. అప్పుడు మా పెద్దబ్బాయి, "పోనీయండి నాన్నా, పద్దెనిమిది వందల కోసం మీకెందుకు ఈ తిరుగుడు" అన్నాడు. వాడి బాధ నా ఆరోగ్యం గురించి. కాని వారి తప్పు వల్ల అయిన రవాణా ఖర్చు మనమెందుకు భరించాలి? న్యాయంగా రావలసింది అడగడానికి మొహమాటం ఎందుకు? అడగందే అమ్మయినా పెట్టదు.

కమిషన్‌లో వేయడానికి ఫిర్యాదు తయారుచేసి, ఆ నకలు వారికి పంపాను. ఉత్తరం రాసిన 23వ రోజున వాళ్ల మనుషులు వచ్చారు. మంచం ఏ స్థితిలో తీసుకువెళ్తున్నారో కాగితం మీద రాయించి సంతకం తీసుకున్నాను. సొమ్ము మొత్తం ఖాతాలో పడిందని బ్యాంకు సందేశం చూసుకున్నాకే గేటు తీశాం. ఆ డబ్బుకు మరికొంత కలిపి మా వీధి వడ్రంగి చేతనే వేపచెక్కతో సరిగ్గా 20 అంగుళాల మంచం చేయించాం.

ఒకవేళ వారు ఇవ్వకపోయి ఉంటే? జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మనం చెల్లించిన ధర 50 లక్షలు దాటకపోతే అక్కడే వేయవచ్చు. ధర 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. అమ్మినవారు ఎక్కడున్నా సరే, మనం నివసించే జిల్లాలోనే వేసుకోవచ్చు. 1986 చట్టంలో ఈ సౌకర్యం లేదు, 2019 చట్టం ఇచ్చింది. వకీలు తప్పనిసరి కాదు, మనమే వాదించుకోవచ్చు. ఇంట్లో కూర్చుని ఫిర్యాదు దాఖలు చేయడానికి 2025 జనవరి 1 నుండి ఈ-జాగృతి పోర్టల్ ఉంది. వ్యాజ్య కారణం ఏర్పడిన రెండేళ్లలోగా వేయాలి. పరీక్షలు అవసరం లేని కేసును ఎదుటివారికి నోటీసు అందిన మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటోంది. ఆచరణలో ఎక్కువే పట్టవచ్చు. అందుకే మొదటి ఉత్తరమే గట్టిగా ఉండాలి.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. ఇదంతా వ్యాపారం చేసేవారి నుండి కొన్నప్పటి మాట. ఇల్లు ఖాళీ చేస్తూ తన సోఫా తాను అమ్ముకునే మామూలు మనిషికి ఈ-కామర్స్ నియమాలు వర్తించవు. అక్కడ మనకు మిగిలేది 1930 చట్టం, సివిల్ కోర్టు. లేదా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టి లోక్ అదాలత్‌లో రాజీకి ప్రయత్నించడం. కనుక అలాంటివారి దగ్గర స్వయంగా వెళ్లి చూడనిదే డబ్బు ఇవ్వకండి.

చూసేటప్పుడు పైపాలిష్ చూడకండి. సొరుగు వెనకభాగం, మంచం అడుగు, చెక్క కోసిన అంచు చూడండి. నిజమైన చెక్కయితే పైనున్న గీతలు అంచు మీదుగా కొనసాగుతాయి. అతికించిన పొరయితే అంచులో సన్నని కాగితంలా వేరుగా కనిపిస్తుంది. చిన్న చిన్న రంధ్రాలు, కింద మెత్తని పొడి ఉంటే పుచ్చు పట్టిందన్నమాట. అది ఇంట్లోని మిగతా చెక్కకూ పాకుతుంది.

డబ్బు కట్టే దగ్గర ఇంకా జాగ్రత్త. వాపసు ఇస్తాం, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ నొక్కండి అని ఎవరైనా అంటే వెంటనే ఫోను పెట్టేయండి. యూపీఐ పిన్ డబ్బు పంపడానికే, పుచ్చుకోవడానికి దాని అవసరం లేదు. మోసపోయినట్టు తెలిస్తే ఆ క్షణమే 1930కి ఫోను చేయాలి. 1915 వస్తువు తగాదాకు, 1930 డబ్బు దొంగతనానికి. ఈ రెండు నెంబర్లూ గోడ మీద క్యాలెండరు పక్కన పెద్ద అక్షరాలతో రాసిపెట్టుకోండి. కార్డుతో చెల్లించినవారు, చెప్పిన వస్తువు రాలేదని బ్యాంకులో కూడా అభ్యంతరం దాఖలు చేయవచ్చు. దానికి గడువు ఉంటుంది కనుక ఆలస్యం చేయరాదు.

ఇంకొక మాట. మనమూ అమ్ముతాం. పిల్లల దగ్గరకు వెళ్లిపోతూ ఇల్లు సర్దేవారు మనలో ఏటా ఉంటూనే ఉన్నారు. అప్పుడు మన బీరువా తలుపు పట్టేస్తుందని, బల్ల కాలు ఊగుతుందని ముందే రాయండి. వంద తక్కువ వచ్చినా పరవాలేదు. అవతల కొనేది కూడా మనలాంటి పింఛనుదారుడే కావచ్చు.

చివరగా సంఘానికి ఒక మనవి. ఫోనులో ఫోటో తీయడం, ఈమెయిలు పంపడం రానివారు మనలో ఇంకా ఉన్నారు. ముఖ్యంగా కుటుంబ పింఛను మీద ఒంటరిగా ఉన్న సోదరీమణులు. నెలకొక రోజు మన కార్యాలయంలో ఇలాంటి అర్జీలు రాసిపెట్టే ఏర్పాటు చేస్తే, రాసే పని నేను చేస్తాను. కంప్యూటరు పని చూసుకోవడానికి ఇద్దరు యువకులు ముందుకు రావాలి. జీవితమంతా ఎవరి ఫైళ్లో నడిపాం. ఇప్పుడు మనవాళ్ల ఫైళ్లు నడుపుదాం.