వైజాగ్ టు భీమిలి కార్ ట్రిప్: అలలు లేని చోట ఎందుకు దిగకూడదు?

మన రికార్డింగ్ అంతా అబిడ్స్‌లోనే అని మీకు తెలుసు కదా. ఇక్కడివాళ్లకి సముద్రం అంటే ఒక్కటే దారి: సాయంత్రం నాంపల్లిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి, పొద్దున వైజాగ్‌లో దిగాలి. దసరా సెలవుల్లో మేం నలుగురం అదే చేశాం. మొజంజాహీ మార్కెట్ దగ్గర కొన్న ఉస్మానియా బిస్కెట్లు మాత్రం కాజీపేట రాకముందే ఖతం.

వైజాగ్‌లో సెల్ఫ్ డ్రైవ్ కార్ తీసుకుని బీచ్ రోడ్ మీద భీమిలి దాకా వెళ్లి రావాలని ప్లాన్. ఒకవైపుకి సుమారు 30 కిలోమీటర్లు. ఆర్‌కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ చూశాం. 1969లో నేవీలో చేరి 2001లో రిటైరైంది. లోపల బెర్తులు చూస్తే మన హాస్టల్ రూములు ప్యాలెస్‌లు అనిపిస్తాయి. తర్వాత తొట్లకొండ. 1976లో నేవీ వాళ్ల ఏరియల్ సర్వేలో బయటపడిన బౌద్ధ ఆరామం ఇది. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే ఆ పేరు. ఎర్రమట్టి దిబ్బలకి మాత్రం ఎండెక్కకముందే వెళ్లండి, మేం మధ్యాహ్నం వెళ్లి మాడిపోయాం.

అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు. భీమిలి నుంచి వెనక్కి వస్తుంటే జనం లేని బీచ్ ఒకటి కనిపించింది. రెండు వైపులా పెద్ద అలలు, మధ్యలో ఒక్కచోట మాత్రం నీళ్లు ప్రశాంతంగా, కొంచెం ముదురు రంగులో ఉన్నాయి. మావాడు ఒకడు చొక్కా విప్పేశాడు. "అరే, ఇక్కడ అలల్లేవు, సేఫ్ రా. నాకు ఈతొచ్చు కదా!"

వల బాగు చేసుకుంటున్న ఒక పెద్దాయన అక్కడ్నుంచే అరిచాడు: "బాబూ, దిగకండి! లోపలికి లాగేస్తాది!"

మావాడు నమ్మలేదు. "ఇంత సైలెంట్‌గా ఉంది కదా తాతా" అన్నాడు. ఆయన వాదించలేదు. పక్కనున్న ఖాళీ కొబ్బరిబొండం తీసి ఆ నీళ్లలోకి విసిరాడు. మేం చూస్తుండగానే అది ఒడ్డుకి రాకుండా నేరుగా లోపలికి పోయింది, అలలు విరిగే గీత కూడా దాటేసింది. మావాడు చొక్కా మళ్లీ వేసుకున్నాడు.

దీన్ని రిప్ కరెంట్ అంటారు. మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే నాంపల్లి నుమాయిష్ గుర్తు తెచ్చుకోండి. జనం అన్ని గేట్లలోంచి లోపలికొచ్చారు, బయటికి ఒక్క ఇరుకు గేటే తెరిచారు అనుకోండి. ఆ గేటు దగ్గర నువ్వు నడవక్కర్లేదు, తోపులాటే నిన్ను తీసుకెళ్తుంది. అలలు ఒడ్డుకి తెచ్చిన నీళ్లు కూడా అలాగే ఒక సన్నటి దారిలో వెనక్కి పరిగెడతాయి. ఆ దారిలో అలలు సరిగ్గా విరగవు, అందుకే ప్రశాంతంగా కనిపిస్తుంది. ఒక్కోసారి స్పీడ్ సెకనుకి 2 మీటర్లు దాటుతుంది, ఒలింపిక్ స్విమ్మర్ కూడా ఎదురీదలేడు.

ఇరుక్కుంటే? ఇది అడుగుకి లాగదు, దూరానికి లాగుతుంది. చాలామంది ఒడ్డువైపు ఎదురీది, అలసిపోయి మునిగిపోతారు. నుమాయిష్‌లో అయితే ఏం చేస్తాం? పక్కకి తప్పుకుంటాం. ఇక్కడా అంతే, ఒడ్డుకి సమాంతరంగా ఈది, లాగడం ఆగాక అలలతో పాటు ఒడ్డుకి రండి. ఈదలేకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యి ఊపండి. ఒడ్డున ఉన్నవాళ్లు కాపాడదామని వెంటనే దూకొద్దు. తేలేది ఏదైనా విసరండి, లైఫ్‌గార్డ్‌నో జాలర్లనో పిలవండి.

ఇంకో విషయం, మన దేశ తీరం మొత్తానికి అలల హెచ్చరికలు ఇచ్చే సంస్థ ఇన్‌కాయిస్ ఎక్కడుందో తెలుసా? మన హైదరాబాద్‌లోనే, ప్రగతినగర్‌లో! హోటల్ రివ్యూలు గంటసేపు చదువుతాం కదా, బయల్దేరే ముందు వాళ్ల వెబ్‌సైట్ ఒక్క నిమిషం చూడండి.

మేం చివరికి రుషికొండలో, లైఫ్‌గార్డ్ కళ్లముందే మోకాళ్ల లోతులో ఆడుకున్నాం. మావాడు వెళ్లి ముందు ఆయన్నే అడిగాడు, "అన్నా, ఇక్కడ ఎటువైపు దిగొచ్చు?" అని.