వేడుక నడిపే నేర్పు

పెళ్ళిగానీ, సభగానీ దగ్గరుండి నడిపించడం ఇప్పుడొక వృత్తి అయింది. మన పిల్లలూ ఆ పనిలో చేరుతున్నారు. మాటకారితనం, అలంకారం తెలిస్తే చాలనుకుంటారు. చాలదమ్మా!

కనుమనాడు కోనసీమలో జగ్గన్నతోట తీర్థానికి 11 ఊళ్ళ ప్రభలు వస్తాయి. గంగలకుర్రు ప్రభ చేలమీదుగా వచ్చి, కౌశికలో దిగి మరీ దాటుతుంది. భుజాలమీద అంత ఎత్తు ప్రభ, కాళ్ళకింద నీళ్ళు! ఎవరి చోటు వారికి తెలియబట్టే, అందరి అడుగూ ఒకటవబట్టే అది ఒరగకుండా గట్టెక్కుతుంది.

జనాన్ని నడపడమూ అంతే. అదుపు తప్పితే ప్రాణాలమీదికే. 2015 జూలై 14న, గోదావరి పుష్కరాల మొదటిరోజున, రాజమండ్రి పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో 27 మంది పోయారు. అందరూ పుణ్యస్నానానికి వచ్చినవాళ్ళే.

అందుకే వేడుక నడిపేవారు వేదికకేసి కాదు, జనంకేసి చూడాలి. వచ్చే దారి వేరు, పోయే దారి వేరు ఉంచాలి. ముందేం జరుగుతోందో వెనకవాళ్ళకు మైకులో చెబుతూండాలి. జనం చిక్కబడుతుంటే తోపులాట మొదలవకముందే, దూరంలోనే ఆపాలి. పెద్దలు విసుక్కున్నా సరే, “కాస్త ఆగండి” అనగలగాలి.

ఇది మనకు కొత్తా? ఒక బంతి లేచి, విస్తళ్ళు తీయకుండా రెండో బంతిని లోపలికి వదులుతామా?

ఈసారి పెళ్ళి కాంట్రాక్టు మాట్లాడేటప్పుడు పూలరేటుతోబాటు, “జనం బయటికి పోయే దారేది బాబూ?” అని కూడా అడగండి. తడుముకోకుండా చెప్పినవాడే పనిమంతుడు.