మోటారు బ్యాటరీ: చార్జింగులో జాగ్రత్తలు
(సంఘం వార్షిక సమావేశంలో, పని నేర్చుకుంటున్న యువకుల కొరకు చేసిన ప్రసంగ పాఠం)



ఉపన్యాసాలు మాకు అలవాటు లేని పని. చేతులకు గ్రీజు, బట్టలకు ఆసిడ్ చిల్లులు, ఇదీ మా వాలకం. అయినా సంఘం పెద్దలు "మన పిల్లలు చాలామంది మోటారు పనిలో ఉన్నారు, నాలుగు మాటలు చెప్పండి" అంటే కాదనలేకపోయాము. మన వరంగల్‌లో ఈ పనిని చాలామంది బడిలో నేర్చుకోరు. ఉస్తాద్ దగ్గర షాగిర్దుగా చేరి, చూసి నేర్చుకుంటారు. మంచి ఎట్లా చూసి నేర్చుకుంటారో, చెడు కూడా అట్లాగే నేర్చుకుంటారు. మేము చెప్పదలచిన అసలు సంగతి ఇదే.

చాలా ఏండ్ల కిందటి ముచ్చట. అవి మిర్చి సీజను రోజులు. ఎనుమాముల మార్కెట్టుకు వచ్చిన లారీల బ్యాటరీలు రాత్రంతా మా షాపులో చార్జింగులో ఉన్నాయి. దొంగల భయంతో షట్టరు దించి పెట్టాము. తెల్లవారుజామున కరెంటు పోయింది. సెల్లులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో చూద్దామని మా షాగిర్దు మూత దగ్గర అగ్గిపుల్ల గీశాడు. బాంబు పేలినట్లు బ్యాటరీ పేలింది. ఆసిడ్ వాడి ముఖం మీద పడింది. తొట్టిలో నీళ్లుండబట్టి వెంటనే ముఖం మీద గుమ్మరించి ఆసుపత్రికి తీసుకుపోయాము. ప్రాణం దక్కింది, కాని ఒక కంటి చూపు మసకబారింది. అది మళ్లీ రాలేదు.

"అగ్గిపుల్ల ఎందుకు గీశావురా?" అని అడిగితే వాడు అన్న మాట ఇప్పటికీ మా గుండెలో గుచ్చుకుంటుంది. "మీరు గీస్తారు కదా ఉస్తాద్!" నిజమే. అంతకుముందు ఎన్నోసార్లు మేమే గీశాము, నోట్లో బీడీ పెట్టుకునే మూతలు విప్పాము. మా అదృష్టం బాగుండి ఏమీ కాలేదు. దాన్నే మేము అనుభవం అనుకున్నాము.

ఎందుకు పేలుతుందో తెలుసుకుందాం. ఈ రకం బ్యాటరీని 1859లో ఫ్రాన్సు దేశపు గాస్టన్ ప్లాంటే తయారు చేశాడు. పన్నెండు వోల్టుల బ్యాటరీలో ఆరు సెల్లులుంటాయి. ఒక్కొక్క సెల్లులో సీసపు ప్లేట్లు, వాటి నడుమ నీళ్లు కలిపిన గంధకామ్లం. కరెంటు వాడుకుంటుంటే ఆసిడ్ పలుచబడుతుంది, ప్లేట్లపై తెల్లని సల్ఫేటు పేరుకుంటుంది. చార్జింగు పెడితే అది తిరిగి ఆసిడ్‌లోకి పోతుంది. చార్జి నిండే వేళకు మిగులు కరెంటు నీళ్లను హైడ్రోజన్‌గా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. మనం "ఉడుకుతున్నది" అంటామే, అవి ఈ వాయువుల బుడగలే. గాలిలో నూటికి నాలుగు పాళ్లు హైడ్రోజన్ చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వ దాన్ని పేలుస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. కరెంటు పోయినా అది సెల్లులోనే నిలిచి ఉంటుంది.

కనుక చార్జింగు చేసేచోట గాలి ఆడాలి. బీడీ, అగ్గిపుల్ల, వెల్డింగు దగ్గరికి రాకూడదు. వెలుతురు కావాలంటే టార్చి దూరంగా వెలిగించి తీసుకురండి. కంటికి అద్దాలు, చేతికి రబ్బరు తొడుగులు ఉండాలి. క్లిప్పులు పెట్టేటప్పుడు చార్జరు ఆపి ఉండాలి. ముందు ప్లస్, తర్వాత మైనస్, ఆ తర్వాతే స్విచ్చి. తీసేటప్పుడు ముందు స్విచ్చి కట్టేయండి. నడుస్తుండగా క్లిప్పు లాగితే రవ్వ లేస్తుంది, అదీ సరిగ్గా వాయువు ఉన్నచోటే.

బండిలోంచి బ్యాటరీ విప్పేటప్పుడు ముందు మైనస్ తీయాలి, బిగించేటప్పుడు మైనస్ చివర బిగించాలి. లేకుంటే ప్లస్ మీదున్న స్పానరు బాడీకి తగిలి మంట లేస్తుంది. చేతికి ఉంగరం, గడియారం ఉంటే తీసి పక్కన పెట్టండి.

కరెంటు ఎంత పెట్టాలి? బ్యాటరీ కొలతలో పదో వంతు. 60 ఆంపియర్-అవర్ బ్యాటరీకి 6 ఆంపియర్లు. గిరాకీ తొందర పెట్టినా ఎక్కువ పెట్టవద్దు. మన ఎండాకాలంలో నీడలోనే 42, 43 డిగ్రీలుంటుంది. ఆసిడ్ 50 డిగ్రీలు దాటితే చార్జింగు ఆపి చల్లారనివ్వండి. నిండిందా లేదా అన్నది హైడ్రోమీటరు చెబుతుంది. 1.250 నుంచి 1.280 మధ్య ఉంటే నిండినట్లు. ఒక సెల్లు మిగతావాటికన్నా 0.050 తక్కువ చూపితే ఆ సెల్లు చెడిందని గిరాకీకి నిజం చెప్పండి, ఊరికే చార్జింగు డబ్బులు తీసుకోవద్దు. మూత విప్పరాని సీలు బ్యాటరీలకు వోల్టుమీటరు వాడాలి. కొంతసేపు ఊరికే ఉంచి చూస్తే 12.6 వోల్టులుండాలి. 12.2 అంటే సగమే ఉన్నట్లు. సీలు ఉంది కదా అని ధీమా వద్దు, ఎక్కువ చార్జి పెడితే అదీ వాయువు వదులుతుంది.

నీళ్లు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి. బోరు నీళ్లలోని లవణాలు ప్లేట్లను తింటాయి. ఆవిరయ్యేది నీళ్లే గనుక ఆసిడ్ పోయకూడదు. ప్లేట్లు మునిగేవరకు పోసి, చార్జి అయినాక గుర్తు వరకు నింపండి. ఆసిడ్ కలపవలసివస్తే నీళ్లలో ఆసిడ్ పోయాలి గాని, ఆసిడ్‌లో నీళ్లు పోయకూడదు, ఎగిరి మీద పడుతుంది. కంట్లో పడితే కనీసం పదిహేను నిమిషాలు నీళ్లతో కడుగుతూ ఆసుపత్రికి పొండి. వేరే మందేదీ వేయవద్దు.

బండ్లున్నవారికి ఒక మాట. నిలబెట్టిన బండి బ్యాటరీ తనంతట తానే దిగిపోతుంది. 2020 లాక్‌డౌన్ తర్వాత ఎన్ని బండ్లు సెల్ఫ్ తీసుకోక నిలిచిపోయాయో మీకు జ్ఞాపకమే. నడపకున్నా నెలకొకసారి చార్జి చేయించండి. టెర్మినల్ మీద చిలుము పడితే కేబులు విప్పి, తినే సోడా కలిపిన నీళ్లతో మూతల్లోకి పోకుండా కడిగి, ఆరినాక వాజలిన్ రాయండి.

ఆఖరు మాట ఇంటి గురించి. పాత బ్యాటరీ పగలగొట్టి సీసం కరిగించడం ఇంటి దగ్గర చేయవద్దు. సీసపు పొగ, దుమ్ము చిన్నపిల్లల మెదడుకు చేటు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం కూడా పాత బ్యాటరీ సరైన రీసైక్లింగుకే చేరాలి, కొన్న దుకాణానికే తిరిగి ఇవ్వండి. పని నుంచి పోయినాక చేతులు కడిగి, బట్టలు మార్చి, ఆ తర్వాతే బిడ్డను ఎత్తుకోండి.

సోదరులారా, ఆ షాగిర్దుకు ఇప్పుడు సొంత షాపుంది. అక్కడ గోడకు టార్చి వేలాడుతుంది, తలుపు తీసే ఉంటుంది. పని నేర్చుకునే పిల్లలు అక్కడ అగ్గిపెట్టె జేబులో పెట్టుకోరు. మేము నేర్పవలసింది వాడు ఒక కన్ను ఇచ్చి నేర్చుకున్నాడు. మీ షాగిర్దుల చేత అంత ఖరీదు కట్టించవద్దని ఉస్తాదులందరికీ మా మనవి.

సెలవు.