ఇంట నిప్పు, గాలికి త్రోవ
(చలికాలమునకు ముందు మన్యప్రాంత పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



చలి యననేమో మీకు నేను చెప్పనక్కరలేదు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో సముద్రమట్టమునకు సుమారు 3,000 అడుగుల ఎత్తున నున్న లంబసింగిలో కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత సున్నా దరిదాపులకు దిగుచుండును. అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతములలోను, పొరుగున తెలంగాణలోని ఆదిలాబాదు కొండగ్రామములలోను మార్గశిర పుష్యమాసములు నిప్పు లేనిదే గడవవు. వరి కోతకు కొడవలి సిద్ధము చేసికొను మనము, చలికి ఇంటిని సిద్ధము చేసికొనుట మాత్రము మరచుచున్నాము. ఆ మరపు ఒక్కొక్కప్పుడు ప్రాణములు తీయుచున్నది. నేడు మీతో చెప్పదలచిన మాట ఇదియే.

చలి మిక్కుటమైన రాత్రి గృహస్థుడు చేయు పని యేమి? తలుపు బిగించును. కిటికీకి గోనెపట్టా కట్టును. కుంపటిలో బొగ్గులు రాజేసి మంచము ప్రక్కన నుంచుకొని పండుకొనును. పొగ లేదు గదా, ఇక భయమేమి యని అతని నమ్మకము. మోసమంతయు ఆ నమ్మకములోనే యున్నది. బొగ్గు కాలునప్పుడు గాలి చాలనిచో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగవలె కన్నులు మండించి మనలను హెచ్చరింపదు. మన రక్తము ప్రాణవాయువును గ్రహించుటకంటె 200 రెట్లకు పైగా గట్టిగా ఈ వాయువును పట్టుకొనును. అందుచే శరీరమునకు ప్రాణవాయువు అందక మొదట తలనొప్పి, తలతిరుగుట, వాంతి, పిదప మగత కలుగును. మేలుకొని యున్నవాడు లేచి బయటికి పోగలడు. నిద్రించువానికి ఆ మగత నిద్రలోనే కలసిపోవును. కుంపటి ప్రక్కన నీళ్ళగిన్నె నుంచినంత మాత్రమున ఈ వాయువు తొలగదు. గాలికి త్రోవ యొక్కటే దీనికి విరుగుడు.

ఇందు మిక్కిలి ఆలోచింపవలసినది బాలింతరాలిని గూర్చి. మంచము క్రింద కుంపటి నుంచి, గది తలుపులు మూసి, తల్లిని బిడ్డను వెచ్చగా నుంచుట మన ఇండ్లలో చిరకాలపు ఆచారము. పెద్దలు ప్రేమతోనే చేయుదురు. కాని పసికందు పెద్దవారికంటె వేగముగా ఊపిరి పీల్చును, కావున విషము వేగముగా నెక్కును. బిడ్డను తల్లి రొమ్మునకు చర్మము చర్మమునకు తగులునట్లు హత్తించి, తలకు టోపీ పెట్టి, ఇద్దరికిని కలిపి దుప్పటి కప్పినచో ఏ కుంపటియు ఈయలేని వెచ్చదనము లభించును. ఈ మాట ఇంటి పెద్దమ్మలకు నచ్చచెప్పుట మహిళా సభ్యుల చేతిలోనున్న పని.

ఇక చలి రాకముందు చేయవలసిన పనులు. కట్టెలను ఇప్పుడే చీల్చి, వానకు తడియని చోట గాలి తగులునట్లు పేర్చుడు. పచ్చికట్టె బరువులో ఇంచుమించు సగము నీరే యుండును. దానిని కాల్చినచో వేడి తక్కువ, పొగ ఎక్కువ. గోడల పగుళ్ళను పడక ఎత్తువరకు మట్టితో మెత్తుడు. పైకప్పు దాపున ఎదురెదురు గోడలలో గాలిరంధ్రములను మాత్రము మూయకుడు. నేల చలి తగులకుండ ఎండుగడ్డి పరచి దానిపై చాప వేయుడు. ఆ గడ్డి దరికి నిప్పును రానీయకుడు. కుంపటితో గది వెచ్చచేసికొనవలె నన్నచో, మేలుకొని యున్నంతసేపు తలుపు ఓరగా తీసి యుంచి, పండుకొనుటకు ముందు కుంపటిని వెలుపలికి చేర్చుడు. బూడిదలో దాగిన నిప్పుకణిక మరునాటి వరకు బ్రతికి యుండును. కావున బూడిదను గడ్డివామి చెంతను, గుడిసె చూరు క్రిందను పోయరాదు.

పొగగొట్టమున్న పొయ్యి గలవారు దానిని ఇప్పుడే పరీక్షింపవలెను. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమునకు చెందిన డాక్టర్ ఎస్.పి. రాజు గారు 1950 దశకముననే పల్లె వంటయింటికై పొగలేని మట్టిపొయ్యిని రూపొందించిరి. 1983లో కేంద్ర ప్రభుత్వము మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమమును ఆరంభించెను. పొయ్యిలు విరివిగా వెలసినవి, కాని గొట్టములను తుడుచువారు లేక పెక్కుచోట్ల మూలపడినవి. పొయ్యి కట్టుట ఒకనాటి పని, దానిని కాపాడుకొనుట ఏటేటి పని యని ఆ అనుభవము నేర్పుచున్నది. గొట్టములోని మసిని దులుపుడు. పగుళ్ళను మట్టితో పూడ్చుడు. గొట్టపు కొస పైకప్పును మించి యుండవలెను. గడ్డి కప్పు గుండా పోవుచోట గొట్టము వేడి గడ్డికి సోకకుండ చుట్టును ఎడము విడిచి రేకు అమర్చవలెను.

ఇవి గృహస్థుల పనులు కదా, పంచాయతీకేమి పని యని అడుగుదురేమో. కార్తీకములోనే గ్రామసభలో ఈ విషయమును ఒక అంశముగా చేర్చుడు. ప్రతి సభ్యుడును తన వార్డులో బాలింతలు, వృద్ధులు, ఒంటరివారు ఉన్న ఇండ్లకు స్వయముగా పోయి పడకగదిని చూడవలెను. ఆశ్రమ పాఠశాల ఉన్న ఊరిలో పిల్లలు పండుకొను గదులలో కిటికీ తలుపులు సరిగా నున్నవా, దుప్పట్లు చాలినన్ని ఉన్నవా యని విచారింపుడు. దుప్పటి చాలని చోటికే కుంపటి వచ్చును.

ఇంటిలో ఒకరికి మించి ఒకేసారి తలనొప్పి, వాంతులు కలిగినచో అది తిండి దోషమని ఊరకుండరాదు. తలుపులు బార్లా తెరచి అందరిని ఆరుబయటికి చేర్చుడు. 108కి ఫోను చేయుడు. ఆసుపత్రిలో ప్రాణవాయువు నిచ్చుటయే చికిత్స. స్పృహ తప్పినవారి కొరకు లోనికి పోవువారు మొదట తలుపులు తెరచి, త్వరగా వారిని వెలుపలికి తీసికొని రావలెను, అచట నిలువరాదు.

ఇందులో పెద్ద ఖర్చుతో కూడిన పని యేదియు లేదు. గోడలో రెండు రంధ్రములు, గొట్టమునకు ఒక చీపురు, పండుకొనుటకు ముందు కుంపటిని గడప దాటించు అలవాటు, ఇంతే. మీరు ఊరు చేరిన తరువాత ముందుగా మీ ఇంటి పడకగదినే చూచుకొనుడు. పిదప పొరుగింటి తలుపు తట్టుడు.