గీజరు కొనేముందు తొట్టి ఎత్తు కొలవండి



విరుదునగర్, కోవిల్‌పట్టి ప్రాంతాల్లో వేడినీళ్ళంటే ఒకప్పుడు పెరట్లో కట్టెల పొయ్యి, దానిమీద కాగు. ఇప్పుడు ఆ చోటికి గోడకు బిగించే గీజరు వచ్చింది. అందులోనూ నీళ్ళు నిలవ పెట్టుకోకుండా, పారే నీటినే అప్పటికప్పుడు వేడిచేసే రకం చాలామందికి నచ్చుతోంది. చోటు తక్కువ చాలు. కాచిన నీళ్ళు ఊరికే చల్లారిపోవు. అయితే దానికి తగిన నీటి ఒత్తిడి మన ఇంట్లో ఉందా అని ముందే చూసుకోవాలి.

మా ఇంటి సంగతే చెబుతాను. మిద్దెమీది స్నానాలగదికి గ్యాసు గీజరు కొన్నాం. బిగించి కొళాయి తిప్పితే నీళ్ళు సన్నగా వచ్చాయి గాని మంట అంటుకోలేదు. యంత్రం చెడిందనుకొని దుకాణానికి మోసుకుపోతే, అక్కడ చక్కగా వెలిగింది. "కాగును పారెయ్యలేదు గదా?" అని అడిగింది మా అమ్మ. బడిలో ద్రవపీడనం పాఠం చెప్పే నాకు అప్పుడు గాని అసలు కారణం తట్టలేదు.

ఈ గ్యాసు గీజరు లోపల ఒక పొర ఉంటుంది. పారే నీరు దాన్ని తగినంత బలంతో నెడితేనే గ్యాసు దారి తెరుచుకుంటుంది. ఆ బలం మనకు ఎక్కడినుంచి వస్తుంది? కోవిల్‌పట్టికి సీవలప్పేరి దగ్గరి తామ్రపర్ణి నుంచి నీళ్ళు రావాలి. వీధి కొళాయి రోజూ వచ్చేది కాదు. కనుక వచ్చినప్పుడు పట్టి మిద్దెమీది తొట్టికి ఎక్కిస్తాం. ఇక మన ఇంటి ఒత్తిడంతా ఆ తొట్టి ఎత్తునుబట్టే. 10 మీటర్ల ఎత్తుకు సుమారు 1 బార్, అంటే మీటరుకు 0.1 బార్. తొట్టి 500 లీటర్లదైనా 1000 లీటర్లదైనా ఒక్కటే, ఎత్తే లెక్క.

మా ఇంట్లో తొట్టి అడుగుకూ షవరుకూ మధ్య 3 అడుగులే, అంటే 0.1 బార్ కూడా లేదు. యంత్రం కాగితంలో 0.25 బార్ కావాలని రాసి ఉంది. మేస్త్రీని పిలిచి, గోడల మీద బరువు పడేలా దిమ్మెలు కట్టించి, తొట్టిని మరో 6 అడుగులు లేపాం. 9 అడుగులకు సుమారు 0.27 బార్ వచ్చింది, మంట వెలిగింది. 1000 లీటర్ల నీరంటే ఒక టన్ను బరువని మాత్రం మరవకండి. మిద్దె మోయగలదో లేదో తెలిసినవారిని అడిగాకే లేపండి.

ఎత్తు పెంచే వీలు లేకపోతే తొట్టికీ గీజరుకూ మధ్య ఒత్తిడి పెంచే చిన్న మోటారు పెట్టవచ్చు. వీధి పైపుకు మాత్రం మోటారు తగిలించకండి. మన స్నానం కోసం చివరి ఇంటివారి బిందెను ఖాళీ చెయ్యడం న్యాయం కాదు.

పైపుల సంగతి. తొట్టినుంచి గీజరు దాకా ముప్పావు అంగుళం పైపు, వీలైనన్ని తక్కువ మలుపులతో వెయ్యండి. వేడినీటికి మామూలు పీవీసీ పనికిరాదు, సీపీవీసీ కావాలి. గీజరును స్నానాలగదికి దగ్గరగా పెట్టండి. 10 మీటర్ల అరంగుళం పైపులో లీటరుకు పైగా చన్నీళ్ళు నిలిచి, ముందు అవే వస్తాయి. వాటిని బకెట్లో పట్టుకోండి.

దగ్గరగా అన్నాను గాని, గ్యాసు గీజరును స్నానాలగది లోపల పెట్టకూడదు. తలుపు మూసిన గదిలో మంట మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. స్పృహ తప్పించి ప్రాణం తీస్తుంది. బయట, గాలి ఆడే గోడకే బిగించండి.

కరెంటు రకమైతే 3 కిలోవాట్ల యంత్రం నీటిని 15 డిగ్రీలు వేడెక్కిస్తూ నిమిషానికి 3 లీటర్లలోపే ఇస్తుంది. 15 లీటర్ల బకెట్‌కు సుమారు 5 నిమిషాలు. కొళాయి పూర్తిగా తిప్పితే నీళ్ళు గోరువెచ్చగానే వస్తాయి. దానికి 16 ఆంపియర్ల ప్లగ్గు, సరైన ఎర్తు తప్పనిసరి.

బోరునీళ్ళు వాడేవారు మరొకటి గమనించండి. గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంటే, అదే పెచ్చు గీజరు సన్నని గొట్టాల్లోనూ కడుతుంది; ధార తగ్గిపోతుంది. ఏడాదికోసారైనా శుభ్రం చేయించాలి.

కనుక దుకాణానికి వెళ్ళేముందు టేపు తీసుకొని మిద్దె ఎక్కండి. తొట్టి అడుగునుంచి షవరు దాకా కొలవండి. ఆ కొలతను చీటీమీద రాసుకొని, యంత్రం కాగితంలోని అంకెతో సరిచూడండి. సరిపోతే కొనండి, లేకపోతే ముందు తొట్టి సంగతి చూడండి. అంతవరకు కాగు ఎటూ ఉండనే ఉంది.