బ్యాండు కోసం రాసిన బడిపంతులు



అధ్యక్షస్థానం నుంచి మాట్లాడే ఈ అవకాశాన్ని ఒకే ఒక స్వరకర్త కోసం వాడుకుంటున్నాను. ఆయన గుస్తావ్ హోల్‌స్ట్. లోకానికి ఆయన 'ది ప్లానెట్స్' రాసినవారు. మనలో కొందరికి, సంస్కృతం నేర్చుకుని ఋగ్వేద సూక్తాలకు, మేఘదూతానికి సంగీతం కూర్చినవారు, సావిత్రి కథను ఒపేరాగా మలచినవారు. ఈ పేరుప్రతిష్ఠల చాటున ఒక బడిపంతులు, ఒక బ్యాండు స్వరకర్త మరుగున పడిపోయారు. ఆయన బ్యాండు రచనలకు ప్రాణం పోసింది ఆ పంతులే అని నా నమ్మకం.

హోల్‌స్ట్ 1874లో ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్‌లో పుట్టారు. తండ్రి పియానో విద్వాంసుడు. కొడుకూ అదే దారి పట్టాలని ఆయన ఆశ. కుడిచేతి నరాల జబ్బు ఆ ఆశను తుంచేసింది. ఊపిరితిత్తులకు బలం వస్తుందని, ఉబ్బసం తగ్గుతుందని ట్రాంబోన్ చేతికిచ్చారు. లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో చదువయ్యాక కొన్నేళ్లపాటు ఆ ట్రాంబోనే తిండి పెట్టింది. ఒపేరా బృందంలో, స్కాటిష్ ఆర్కెస్ట్రాలో, సముద్రతీరపు విహారస్థలాల బ్యాండ్లలో వాయించారు. వెనక వరసలో కూర్చున్న వాద్యకారుడు ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఏ భాగం వాయిస్తే విసుగు పుడుతుందో అక్కడే ఆయనకు తెలిసింది.

1905లో లండన్ హ్యామర్‌స్మిత్‌లోని సెయింట్ పాల్స్ బాలికల పాఠశాలలో సంగీతశాఖ బాధ్యతలు తీసుకున్నారు. 1934లో కన్నుమూసేదాకా ఆ బడిని విడిచిపెట్టలేదు. 1907 నుంచి 1924 వరకు మోర్లీ కాలేజీలోనూ పాఠం చెప్పారు. పగలంతా పనిచేసి సాయంత్రం వచ్చే సామాన్యులు అక్కడి విద్యార్థులు. వాళ్లతోనే 1911లో, పదిహేడో శతాబ్దం తర్వాత ఎవరూ వినని, ఆంగ్ల స్వరకర్త పర్సెల్ కృతి 'ది ఫెయిరీ క్వీన్'ను వేదికెక్కించారు. ఎవరు ఏం పాడాలో, ఏం వాయించాలో ఆ ప్రతులన్నీ విద్యార్థులే చేత్తో రాసుకున్నారు. గొప్ప సంగీతాన్ని సామాన్యులకు అప్పగించడానికి జంకని గురువు ఆయన.

ఇదే కాలంలో, 1909లో, సైనిక బ్యాండు కోసం ఈ-ఫ్లాట్ శ్రుతిలో మొదటి సూట్ (కొన్ని భాగాలు కలిసిన వాద్యరచన) రాశారు. అప్పటికి ఆ బ్యాండ్లు వాయించేది ఎక్కువగా కవాతు పాటలు, ఒపేరాల నుంచి దించిన బాణీలు. ఏ బ్యాండులో ఎన్ని వాయిద్యాలుంటాయో ఒక లెక్క ఉండేది కాదు. హోల్‌స్ట్ ఏం చేశారో చూడండి. తప్పనిసరిగా ఉండాల్సిన భాగాలను, లేకపోయినా నడిచే భాగాలను ప్రతిలోనే వేరుచేసి చూపారు. చిన్న ఊరి బ్యాండు కూడా వాయించుకోగలదు. అలాగని సంగీతాన్ని ఎక్కడా పలచన చేయలేదు. మొదటి భాగంలో ఎనిమిది బార్ల స్వరవాక్యం ఒకటి యుఫోనియం, ట్యూబాల మంద్రస్థాయిలో మొదలై, మళ్లీ మళ్లీ తిరుగుతూ, మధ్యలో తలకిందులై, చివరికి బ్యాండంతటినీ తనలో కలుపుకుంటుంది. తక్కిన రెండు భాగాలూ ఆ వాక్యం నుంచే పుట్టాయి. అందుకే మూడింటినీ ఆపకుండా వాయించమని కోరారు. నా దృష్టిలో బ్యాండు సంగీతానికి ఇంతకు మించిన పాఠ్యగ్రంథం లేదు.

1911 నాటి రెండో సూట్‌ను పూర్తిగా జానపద బాణీల మీద అల్లారు. అందులోని కమ్మరి పాటలో దాగలి కూడా వాయిద్యమే. చివరి భాగంలో ఒక నాట్యపు బాణీ ఆగకుండా తిరుగుతుంటే దానిమీద మరో పాత పాట వచ్చి కూర్చుంటుంది. ముగింపు దగ్గర అతిసన్నని పికోలో, అతిలావైన ట్యూబా రెండే మిగులుతాయి. సైనికుల కోసం రాసిన ఈ భాగాన్నే తన బడి ఆడపిల్లల తంత్రీవాద్య బృందం కోసం తిరగరాసి 'సెయింట్ పాల్స్ సూట్'కు ముగింపుగా పెట్టారు. పంతులూ స్వరకర్తా ఒక్కరేననడానికి నాకు ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

1928లో గని కార్మికులు, మిల్లు కార్మికులు వాయించే బ్రాస్ బ్యాండ్ల జాతీయ పోటీకి 'మూర్‌సైడ్ సూట్' ఇచ్చారు. 1930లో బీబీసీ సైనిక బ్యాండు కోసం 'హ్యామర్‌స్మిత్' రాశారు. ఆ సంగీతంలో కింద నెమ్మదిగా కదిలే థేమ్స్ నది, పైన ఆ పేట జనసందోహం. అది ఆయన పాతికేళ్లు పాఠం చెప్పిన పేట.

బోధన ఆయన కాలాన్ని మింగేసిందని విచారించేవారున్నారు. రచనకు వారాంతాలు, వేసవి సెలవులే మిగిలిన మాట నిజం. పని ఒత్తిడి ఆరోగ్యాన్ని దెబ్బతీసిన మాటా నిజమే. కానీ ఆ తరగతి గదులు లేకపోతే ఎదుటివాడి శక్తి ఎంతో ఎరిగి, దానికి గౌరవమిచ్చి రాసిన ఈ సంగీతం మనకు దక్కేదని నేననుకోను.

మన పెళ్లి ఊరేగింపుల బ్యాండు మేళాలకు, పోలీసు బ్యాండ్లకు మూలం ఆ బ్రిటిష్ సైనిక బ్యాండ్లే. సంగీత కళాశాలల్లో పనిచేస్తున్న మిత్రులకు నా విన్నపం ఒక్కటే. మీ ఊరి బ్యాండు మేళం దగ్గరికి వెళ్లండి. వాళ్ల దగ్గర ఏ వాయిద్యాలున్నాయో, ఎవరి ఊపిరి ఎంతో తెలుసుకోండి. వాళ్లకోసమే ఒక రచన చేయండి. వచ్చే సదస్సులో వాళ్లచేతనే వాయింపజేసి విందాం.