శాఖామృగముల పై బాట



అమరకోశము కోతికి శాఖామృగమనియు, ప్లవంగమనియు పేళ్లు చెప్పినది. మొదటిది కొమ్మలపై తిరుగునది. రెండవది దుమికి పోవునది. ఈ రెండు పేళ్ల అర్థమును మొయినాబాదు, చేవెళ్లల నడుమ మఱ్ఱిచెట్ల క్రింద నిలిచి కన్నులార చూడవచ్చును.

కోతి లావు కొమ్మపై నాలుగు కాళ్లతో నడచును. చేతితోవలెనే పాదముతోను కొమ్మను పట్టును. కొనకొమ్మను చేరినపుడు బరువునంతయు ఒక్క రెమ్మపై మోపక రెండు మూడింటికి పంచును. ఎడము వచ్చినచోట వెనుకకాళ్లు ముడిచి, చాచి, దుముకును. కొండముచ్చుకు ముందుకాళ్లకంటె వెనుకకాళ్లు పొడవు. కనుకనే దుముకుటలో అది మేటి. దాని పొడుగు తోక తూకము నిలుపుటకే గాని, కొమ్మను చుట్టి వ్రేలాడుటకు గాదు. తోకతో వ్రేలాడు కోతులు అమెరికా అడవులలోనివి. తినునపుడు, నిద్రించునపుడు కూర్చుండుటయే వీని ముఖ్య భంగిమ. పిరుదులపై గట్టిబడిన చర్మపు దిండ్లు అందుకు ఆధారము.

ఈ నడకకు మఱ్ఱి తగిన చెట్టు. న్యగ్రోధమనగా క్రిందికి పెరుగునది. దాని ఊడలు నిచ్చెనలు. అడ్డముగా సాగిన కొమ్మలు వీథులు. చెట్టు చెట్టును తాకినచోట పై బాట తెగక సాగును.

అప్పా కూడలి నుండి మన్నెగూడ వరకు గల 46 కిలోమీటర్ల మార్గమున ఇంచుమించు 900 మఱ్ఱులు లెక్కకు వచ్చినవి. వానిని కాపాడుటకై 2021లో జాతీయ హరిత ధర్మాసనమునకు వ్యాజ్యము చేరినది. 2025 నవంబరు 3న మీర్జాగూడ కడ బస్సును టిప్పరు ఢీకొనగా పలువురు మరణించిరి. మనుష్యుల ప్రాణములు పోవుచుండగా బాట వెడల్పు వలదనుట ధర్మము గాదు. అయినను పై బాట తెగినచో కోతి నేలకు దిగక తప్పదు; దిగినచో చక్రముల పాలగును. వాహనములనుండి పండ్లు విసరువారును దానిని అచటికే పిలుచుచున్నారు.

తమిళనాడులోని వాల్పారైలో సింహవాల కోతులకై బాటమీదుగా చెట్టునుండి చెట్టునకు వంతెనలు కట్టిరి. నిలుపగల మఱ్ఱిని నిలిపి, ఎడము తప్పనిచోట అట్టి వంతెన కట్టుట ఇచటను సాధ్యమే. రహదారి కొలతలు వ్రాయు పుస్తకమున క్రింది బాటతో పాటు పై బాటకును ఒక గడి ఉండవలెను. అది లేని లెక్క సరితూగదు.